కాలు కింద పెట్టని వాళ్ళు

మీరే చంపారు. అటూ ఇటూ చూడక్కర్లేదు, మిమ్మల్నే అంటున్నది. మూడు వందల ఎనభై ఆరు మంది కలిసి ఒక టోఫూ కొట్టు ఆయన్ని చంపారు. సైకిలు దిగకుండా చంపారు, బ్రేకు మీద వేలైనా వెయ్యకుండా చంపారు, పైగా "పట్టు వదలకు!" అని గొంతు చించుకుని మరీ చంపారు. నెజిరే కనుమ ముప్పై ఒకటో మలుపులో మకాబే అనే మనిషి ఇనప రెయిలింగుకి ఆనుకుని ఇరవై రెండు నిమిషాల పాటు చస్తూ ఉంటే, చెయ్యి చాపితే అందేంత దగ్గర నుంచి దాటిపోయారు. జోరు మీదున్నాం, కనపడలేదు అని బుకాయించకండి. ఆ ఎత్తులో ఎంత మొనగాడి సైకిలైనా మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ కంటే వేగంగా పోదు. సగం రోడ్డు వానకి జారిపోతే ఇసక బస్తాలు పేర్చి వదిలేసిన మలుపది, మిగిలిన సగంలోంచే అందరూ పోవాలి. ఆయన కళ్ళు చూశారు, తెల్లగా పొక్కిన పెదాలు చూశారు, చూసే దాటారు. రెండు వేల సైకిళ్ళతో దారి కూరేసి అంబులెన్సుని కొండ కింద నిలబెట్టిన హోటళ్ళ సంఘం పెద్దలూ, ఇరవై ఒక్క కిలోమీటర్ల ఎక్కుడుకి ఒకే ఒక్క చోట నీళ్ళ బల్ల వేసి చేతులు దులుపుకున్న పోటీ కమిటీ వాళ్ళూ, పొద్దున్నే ఉపన్యాసం దంచి కారెక్కి పోయిన మేయరూ, మీకూ వాటా ఉంది, మిమ్మల్ని మర్చిపోలేదు. అని ఇవాసే తిడుతున్నాడు. బయటికి కాదు, అంత ఊపిరెక్కడిది. లోపల, కుడికాలికి ఒక మాట, ఎడంకాలికి ఒక మాట చొప్పున, తొక్కుతూ తిడుతూ, తిడుతూ తొక్కుతూ. పన్నెండో మలుపు అని చెక్క బోర్డు కనపడింది. ఇంకా పంతొమ్మిది. ఆ మూడు వందల ఎనభై ఆరు మందిలో తొంభై రెండోవాడు ఇవాసేనే.

నలభై ఆరేళ్ళవాడు. అట్టపెట్టెల మిల్లులో కోత యంత్రం ముందు నిలబడతాడు, ఆదివారం వస్తే సైకిలెక్కుతాడు, తొమ్మిదేళ్ళుగా ఎక్కుతున్నా ఒక్క బహుమతి ముట్టుకుని ఎరగడు. చెమట కంట్లోకి దిగుతోంది, ఉప్పు, మండుతోంది, మండనీ. తొడలు రోకళ్ళయిపోయాయి. సీటు కింద రెండు సీసాల నిండా నీళ్ళు, వీపు జేబులో ఫోను, మెళ్ళో ఈల. ఇంత బరువు మోసుకుని ఈ కొండెక్కేవాడు ఇవాళ ఇంకొకడు లేడు. ఇక్కడివాళ్ళకి బరువంటే పిచ్చి, మామూలు పిచ్చి కాదు, పిచ్చాసుపత్రిలో పెట్టి తాళం వెయ్యాల్సిన పిచ్చి. సీటు మీద మెత్త చీరేస్తారు, హ్యాండిల్ పట్టీ విప్పేస్తారు, బోల్టులకు చిల్లులు కొడతారు, ఫోను కింద సంచిలో వదిలేస్తారు, పొద్దున్నే గోళ్ళు కత్తిరించుకుని వస్తారు, గోళ్ళ బరువెంతరా అంటే నవ్వరు, లెక్క చెప్తారు. గంట కూడా పీకేస్తారు. ఎందుకూ, ఎనభై నిమిషాల లోపు పైకి చేరినవాడికి బొటనవేలంత రాగి గంట ఇస్తారు కాబట్టి. గంట బరువని పీకినవాడు గంట కోసం చస్తాడు. దీన్ని మించిన వెర్రి ఏ దేశంలో ఉంది? పొద్దున బయల్దేరే గీత దగ్గర దోబాషి డాక్టరుగారు ఆ రెండు సీసాలూ చూసి పళ్ళన్నీ బయటపెట్టాడు. పళ్ళ డాక్టరే, పళ్ళు బావుంటాయి. వీళ్ళ అకెబి క్లబ్బుకి పెద్ద ఆయన. "ఏంటి ఇవాసే, కొండ మీద నీళ్ళ కొట్టు పెడుతున్నావా?" అన్నాడు. దాహం వేస్తుంది కదా డాక్టరుగారూ అంటే, "దాహం గొంతులో ఉండదయ్యా, మనసులో ఉంటుంది" అన్నాడు. చుట్టూ ఉన్న ఐదుగురూ కిసుక్కుమన్నారు. పోయినేడు కూడా ఇదే మాట, ఇదే నవ్వు. అప్పుడు నవ్వినవాళ్ళలో ఇవాసే గొంతే పెద్దది.

పద్నాలుగో మలుపు. దేవదారు చెట్ల నీడ అయిపోయింది, ఇక ఎండే. మకాబే గారిది కాలవ ఒడ్డున కొట్టు, తెల్లారకముందే టోఫూ కోసం సోయా పాలు కాగుతుంటే ఆ ఆవిరి వీధి చివర దాకా వచ్చేది, మిల్లుకి పోయే తోవలో ఆ వాసన తగిలితే ఇవాసేకి ఎందుకో ధైర్యంగా ఉండేది, ఊరు ఇంకా బతికే ఉంది అన్నట్టు. యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి, వేడి నీళ్ళలో నానినానీ చేతివేళ్ళు పసిపిల్లల వేళ్ళలా మెత్తగా ఉండేవి. నోరు మాత్రం ఊరుకునేది కాదు. "టోఫూ అంటే ఏంటోయ్? నీళ్ళేగా. పైన బరువు పెట్టి ఆ నీళ్ళు పిండితేనే అది గట్టిపడేది. నన్నూ పిండాలి" అని తూకం మెషిను ఎక్కి మెడ మీద రెండు చేతులూ పెట్టుకుని తనని తానే నొక్కుకునేవాడు, అందరూ పొట్ట పట్టుకునేవాళ్ళు. కిలోకి నిమిషం. అది దోబాషి సూత్రం, క్లబ్బు షెడ్డు గోడ మీద పెద్దక్షరాలతో రాసి అంటించాడు. ఒంట్లో కిలో తగ్గితే కొండ మీద నిమిషం మిగులుతుంది. రెండేళ్ళ కిందట మకాబే గారికి ఎనభై నిమిషాల నలభై సెకన్లు. నలభై సెకన్లకి గంట చేజారింది. ఏడాదంతా ఆ నలభై సెకన్లే ఆయన పీడ. కొట్టులో టోఫూ కోస్తూ నలభై, డబ్బాలో వేస్తూ నలభై. పోటీకి రెండ్రోజుల ముందు నీళ్ళు మానేశాడు, డాక్టరుగారు మానమన్నాడు. డాక్టరుగారు పళ్ళ డాక్టరని అప్పుడు ఒక్కడికీ గుర్తు రాలేదు.

పోయినేడు బయల్దేరే గీత దగ్గర దోబాషి వంగి ఆయన సీసాని వేలితో టక్కుమని కొట్టాడు. "మకాబే గారూ, ఇదిగో మీ నలభై సెకన్లు ఇక్కడున్నాయి" అన్నాడు. ఆ పెద్దాయన సీసా వంక చూశాడు, కొండ వంక చూశాడు, చివరికి ఇవాసే వంక చూశాడు. ఎందుకు చూడాలి, అంతమందుండగా నా వంకే ఎందుకు చూడాలి అని ఈ ఏడాదిలో ఇవాసే ఎన్నిసార్లు గోడకి తల కొట్టుకున్నాడో. "ఏమంటావోయ్?" అని అడిగాడు. ఇవాసే సీసా పీకేశాడు. తన చేత్తో మూత తిప్పాడు, తన చేత్తో రోడ్డు పక్క కాలవలో వంచాడు. గుడగుడమని శబ్దం. "ఒక గుక్క తాగనా?" అన్నాడు మకాబే. "తాగితే మాత్రం పొట్టలో బరువే కదా పెద్దాయనా!" అన్నాడు ఇవాసే. అందరూ నవ్వారు. మకాబే కూడా నవ్వాడు. పదహారో మలుపు. ఆ గుడగుడ చెవిలోంచి పోదు, మిల్లులో కోత యంత్రం ఎంత రొద పెట్టినా దాని కింద నుంచి వినపడుతుంది, ఇప్పుడూ ఊపిరి కింద నుంచి వినపడుతోంది. ఒక గుక్క తాగనా. అంత పెద్దమనిషి, ఇంకొకణ్ణి అనుమతి అడిగాడు, నీళ్ళు తాగడానికి.

తొక్కు. తొక్కరా వెధవా. హ్యాండిల్ మీదున్న చిన్న మీటరు నలభై నాలుగు నిమిషాలు అంటోంది, పోయినేడు ఇక్కడికి నలభై తొమ్మిది. ఇదెలా? ఏడాదిగా సరిగ్గా అన్నం సయించలేదు, ఆరు కిలోలు పోయాయి, కోపానికి తొక్కిన కిలోమీటర్లకు లెక్కే లేదు. వాన వస్తే తొక్కాడు, మంచు పడితే తొక్కాడు, నిద్ర పట్టకపోతే తొక్కాడు. దుఃఖం కూడా కండ పట్టిస్తుంది. పంతొమ్మిదో మలుపులో దోబాషి వీపు కనపడింది, చెమటకి అతుక్కున్న క్లబ్బు చొక్కా, దాని మీద పండితే పగిలే అకెబి కాయ బొమ్మ, నోరు తెరుచుకుని. ఈయన్ని ఎప్పుడూ దాటలేదు. ఇవాళ దాటుతున్నాడు, పక్కకొచ్చాడు. "ఓహో" అన్నాడు దోబాషి, ఊపిరి ఎగబోస్తూనే. "నీళ్ళ కొట్టు వచ్చేసిందే! ఈ లెక్కన నీకు గంట ఖాయం. ఆ సీసాలు ఇక్కడే పారెయ్, మూర్ఖుడా, డెబ్బై ఎనిమిది కొడతావ్." మీకు కావాలా నీళ్ళు అని అడిగాడు ఇవాసే. "పైన తాగుతా. పైన తాగేవే నీళ్ళు." దాటేశాడు. వెనక నుంచి అదే అరుపు: "పట్టు వదలకు!" ఇవాసే నోట్లోంచి ఉమ్మి రాలింది, అలుపుదో కోపానిదో. ఈ మాటొకటి నేర్చుకున్నాం అందరం. మంచి మాట. చచ్చేవాడికీ ఇదే, గెలిచేవాడికీ ఇదే. ఈ మాట విసిరేస్తే చాలు, మన బాధ్యత తీరింది, ఇక ఎవడి దారి వాడిది. బిచ్చగాడి గిన్నెలో నకిలీ నాణెం వేసి దణ్ణం పెట్టించుకున్నట్టు.

ఇరవై మూడు. ఇరవై నాలుగు. ఇక్కడ నుంచి ఏటవాలు గోడలా లేస్తుంది, ముందు చక్రం గాల్లోకి లేవబోతే ఛాతీతో అదిమి పెట్టాలి. ఈ కొండ మీద అన్నిటికంటే పెద్ద సిగ్గు కాలు కింద పెట్టడం. ఆలస్యం కావడం కాదు, వాంతి చేసుకోవడం కాదు, ఏడవడం కాదు. బూటు అడుగున క్లిప్పు పెడల్లో ఇరుక్కుని ఉంటుంది, మడమ పక్కకి తిప్పితే ఊడుతుంది, ఊడి నేలకి తగిలిందా, ఇంక నువ్వు ఎక్కినట్టు కాదు, సాయంత్రం అందరూ కలిసి దిగే వేడినీళ్ళ తొట్టెలో పీకల్దాకా మునిగి కూర్చుని "కాలు పెట్టావా?" అని అడుగుతారు, పెట్టానంటే "అబ్బే, పర్లేదు పర్లేదు" అంటారు, ఆ పర్లేదు కంటే చెంపదెబ్బ నయం. అందుకే పోయినేడు ముప్పై ఒకటో మలుపులో మకాబే కాలు పెట్టలేదు. ఒక చెయ్యి రెయిలింగు మీద, తుంటి రెయిలింగుకి ఆనించి, రెండు బూట్లూ పెడళ్ళలోనే. గుండె పగిలిపోతున్నా కాలు పెట్టలేదు. చూసినవాళ్ళకి ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంటుంది. ఇవాసేకీ అలాగే ఉంది. లేదు. అబద్ధం. అలా అనుకోవాలనుకున్నాడు. మొహం టోఫూలా తెల్లగా ఉంది. అంత ఎండలో ఒక్క చెమట చుక్క లేదు. పెదాలు కదిలాయి. ఏదో అన్నాడు, చిన్న మాట, ఒకే మాట. థాంక్స్ అన్నాడని సరిపెట్టుకుని, "పట్టు వదలకండి పెద్దాయనా, ఇంకొంచెమే!" అని అరిచి దాటేశాడు. గంట కోసమా? గంట ఆశ లేనే లేదు ఇవాసేకి, అప్పటికే డెబ్బై ఆరు నిమిషాలు దాటాయి. తన పాత టైములో పదకొండు సెకన్లు తగ్గించుకోవచ్చని. పదకొండు సెకన్లు! ముక్కు చీదుకోవడానికి సరిపోవు.

తగ్గించుకున్నాడు కూడా. పైకి చేరి చొక్కా జిప్పు లాగేసి వెల్లకిలా పడుకుని నవ్వాడు. కొండ దిగేటప్పుడు చలి కదా, వెచ్చటి బట్టల సంచులు పొద్దున్నే లారీలో పైకి పంపుతారు, నీలం పట్టా మీద నంబర్ల వరసన పేర్చి ఉంటాయి. నా సంచిలో ఈసారి అందరికీ ఇనారి పెట్టాను, తీపి పట్టించిన టోఫూ రేకుల్లో అన్నం కూరి రాత్రంతా మా ఆవిడ మిత్సుయే చేసింది అని మకాబే గారే పొద్దున ఊరించాడు. ఆకలి. "పెద్దాయన ఇంకా రాలేదేంటి?" "వస్తాడు, నలభై సెకన్లు వెతుక్కుంటున్నాడేమో." ఎవరన్నారో ఆ జోకు, ఇవాసేనో దోబాషినో, ఒప్పుకునేవాడు లేడు. పదకొండు వందల ఎనభై ఏడు నంబరు సంచి ఇవాసేనే విప్పాడు. ఎనిమిది పొట్లాలు, ఒక్కోదాని మీద ఒక్కొక్కరి పేరు. తిన్నారు. వేళ్ళు నాకారు. అప్పుడు కింద నుంచి సైరను వినపడింది, వినపడి ఒకే చోట ఆగిపోయింది, పైకి రాలేదు, దారి నిండా మేమేగా, మా వెనకవాళ్ళేగా. ఎవరో పడ్డట్టున్నారు పాపం అన్నాడు ఇవాసే, నోట్లో మెతుకులతో. సాయంత్రానికి పట్టా మీద ఆ ఒక్క సంచే మిగిలింది. మకాబే అని రాసిన పొట్లం ఒక్కటీ దాంట్లోనే ఉంది.

ఇరవై ఏడు. గొంతు గరుకు కాగితం. నీళ్ళు తాగొచ్చు, రెండు సీసాలున్నాయి, తాగడం లేదు, తాగే హక్కు ఇంకా రాలేదు. డిసెంబరులో కార్డు వచ్చింది. చావు జరిగిన ఇల్లు కొత్త సంవత్సరం కార్డులు పంపదు, ముందే బూడిదరంగు అంచు కార్డు పంపుతుంది, మాకు ఏటిసూతకం, ఈసారి పలకరింపులు లేవు, మన్నించండి అని. అన్ని ఇళ్ళకీ అచ్చు ఒకటే వాక్యం. ఇవాసేకి వచ్చిన కార్డులో ఆ వాక్యం కింద ఇంకు పెన్నుతో రాసి ఉంది: 8-46-16. ఏమిటిది, పోస్టు వాళ్ళ గుర్తా అనుకున్నాడు. క్లబ్బులో ఏడుగురికీ అలాంటి కార్డే, ఒక్కొక్కరికీ ఒక్కో అంకె. దోబాషికి 8-43-50. "పాపం, ఆవిడకి మతి చలించింది" అని దోబాషి కార్డు సొరుగులో పడేశాడు. ఇవాసే దాన్ని మిల్లుకి పట్టుకెళ్ళాడు, భోజనాల బల్ల మీద పెట్టుకుని చూశాడు, చూస్తుండగానే తెలిసింది, చాప్‌స్టిక్కులు చేతిలోంచి జారి పడ్డాయి. ముప్పై ఒకటో మలుపుకి కొంచెం పైన రోడ్డు మీద పరిచిన టైము పట్టీ మీదుగా తను పోయిన క్షణం అది. ఫలితాల పట్టికలో అందరివీ ఉన్నాయి. ఎవడైనా చూసుకోవచ్చు, అందరూ చూసుకున్నారు, తమ అంకె తాము చూసుకున్నారు. ఆవిడ ఒక్కతే అందరివీ చూసింది.

మర్నాడే కాలవ ఒడ్డు కొట్టుకి పోయాడు. మిత్సుయే గారు నీళ్ళ తొట్టెలో మోచేతుల దాకా చేతులుంచి టోఫూ కోస్తోంది, తల ఎత్తలేదు. ఆయన సైకిలు మీద చిన్న మీటరు ఉంది కదా, ఛాతీకి కట్టుకున్న పట్టీ నుంచి గుండె కూడా రాస్తుంది కదా, అదంతా ఆవిడ కాగితం మీద రాయించి పెట్టుకుంది. చక్రం ఆగింది ఎనిమిది నలభై ఒకటికి. గుండె ఆగింది తొమ్మిది మూడుకి. మధ్యలో రోడ్డు మీది టైము పట్టీ మీదుగా పోయినవాళ్ళు మూడు వందల ఎనభై ఆరు. "మీరు దాటినప్పుడు నూట యాభై ఒకటి కొట్టుకుంటోంది" అంది. "బాగానే కొట్టుకుంటోంది. డాక్టర్లన్నారు, నీళ్ళు పట్టి నీడలో పడుకోబెడితే..." అని ఆపేసి ఒక ముక్క కోసింది. ఇవాసే నేల మీద మోకాళ్ళూ నుదురూ ఆనించి పడ్డాడు, తడి సిమెంటు, చల్లగా. లేవండి అంది, ఇక్కడ జనం తిరుగుతారు. "వచ్చే ఏడు వెళ్తారా?" చచ్చినా వెళ్ళనన్నాడు. అప్పుడు తలెత్తింది. "ఎందుకు వెళ్ళరు? వెళ్ళండి. వెళ్ళి అక్కడ ఆగండి, ఆయన ఆగిన చోటే. ఎంతమంది అడుగుతారో లెక్కపెట్టి వచ్చి నాకు చెప్పండి. మా ఆయన కర్మ అలా ఉందా, లేక మీరంతా ఇంతేనా, నాకు అది తెలియాలి." వస్తుంటే ఒక టోఫూ పొట్లం చేతిలో పెట్టింది, ఎప్పట్లాగే. అదీ ఆవిడ వేసిన శిక్ష, ఎప్పట్లాగే పెట్టడం.

ఇరవై తొమ్మిది. ముప్పై. అరవై తొమ్మిదిన్నర నిమిషాలు. ఇంకా కిలోమీటరున్నర పైచిలుకు. లెక్క కట్టకు. కట్టాడు, ఒళ్ళే కట్టేసింది, డెబ్బై తొమ్మిది, ఇలాగే పోతే డెబ్బై తొమ్మిదిలో పైన ఉంటావు, రాగి గంట, బొటనవేలంత, తొమ్మిదేళ్ళు. ముందు గంట తీసుకో, తర్వాత కిందికొచ్చి నిలబడు, లెక్క లెక్కే కదా, ఆవిడకెలా తెలుస్తుంది, ఎవరిని లెక్కపెట్టినా లెక్కే. ఇంత సన్నగా, ఇంత తీయగా మాట్లాడుతున్నదెవరు? దోబాషి కాదు. నేనే. ముప్పై ఒకటి, చెక్క బోర్డు, ఇసక బస్తాలు, రెయిలింగు. నిన్నటిదాకా అక్కడ ఆవిడ కట్టిన చేమంతులున్నాయి, పోటీ చూడ్డానికి వచ్చేవాళ్ళ కంటికి బాగోదని కమిటీ తీయించేసింది, కట్టిన తీగ ముక్క మాత్రం మిగిలింది. ఆగు. మడమ తిప్పు. మడమ తిరగదు. తిప్పరా, మూడేళ్ళ పిల్లాడు తిప్పుతాడు! కాళ్ళు తొక్కుతూనే ఉన్నాయి, తీగ ముక్క పక్క నుంచి పోయింది, వెనక్కి పోయింది, పది గజాలు, పదిహేను, ఎదురుగా టైము పట్టీ నల్లగా రోడ్డుకి అడ్డంగా కనపడుతోంది, దాని మీదుగా పోతే ఒక అంకె పుడుతుంది. మళ్ళీ ఇంకో అంకె. ఇవాసే నోటి నుంచి మాట కాని అరుపొకటి వచ్చింది, పక్కనవాడు ఉలిక్కిపడ్డాడు, కుడి మడమ టక్కుమంది. కాలు నేలకి తగిలింది. ఎంత వేడిగా ఉంది ఈ రోడ్డు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఈ కొండని ముట్టుకున్నాడు.

సైకిలు తిప్పి, నడిచి, వచ్చేవాళ్ళకి ఎదురు దిగాడు. "దారి! దారి!" "పిచ్చా నీకు?" అని తిట్లు. తీగ ముక్క దగ్గరికొచ్చి రెయిలింగుకి తుంటి ఆనించి, మళ్ళీ సైకిలెక్కి, రెండు బూట్లూ పెడళ్ళలో ఇరికించి, ఆయన ఎలా ఉన్నాడో అలా ఉన్నాడు. తల వేలాడేశాడు. నటన అక్కర్లేదు, ఒళ్ళే చేస్తోంది. లెక్క. ఒకటి, చూడలేదు. రెండు, చూశాడు. మూడు, "పట్టు వదలకు!" నాలుగు, ఐదు, ఆరు, "ఇంకొంచెమే!" తొమ్మిది, నవ్వాడు, మంచి నవ్వు, పక్కింటివాడి నవ్వు. పద్దెనిమిది, ఒక ఆడమనిషి, "బాగానే ఉన్నారా?" అంది, ఇవాసే గుండె ఒక్కసారి లేచింది, నోరు తెరిచాడు, తెరిచేలోపు ఆవిడ వీపే మిగిలింది. జవాబు కోసం కాదు, అడిగినట్టుండటానికి అడిగింది. ఇరవై ఆరు, ఇరవై ఏడు, పక్కపక్కన ఇద్దరు, కబుర్లాడుతూ. "ఇక్కడే కదా పోయినేడు ఎవరో పోయింది?" "అవును, పాపం. మన జాగ్రత్తలో మనం ఉండాలి." తలెత్తి చూసి, ఇద్దరూ కలిసి, గొంతు కలిపి, "పట్టు వదలకు!" నలభై ఒకటి. నలభై రెండు. మకాబే గారికి ఇలాగే వినపడి ఉంటుంది. ఒకరి తర్వాత ఒకరు, ఒకే మాట, వడగళ్ళలా. పెదాలు కదిపి ఆయన అన్నది థాంక్స్ కాదు. ఇవాసేకి ఆ రోజే తెలుసు. నీళ్ళు. ఆ మాట చిన్నదే, ఎంత ఎండిన నోరైనా అనగలదు. యాభై ఎనిమిది. అరవై. కర్మ కాదు మిత్సుయే గారూ, మేమంతా ఇంతే, నేను లెక్క పెట్టేశాను, ఇంతే. డెబ్బై.

డెబ్బై ఒకటి దోబాషి. నోరు చేపలా తెరుచుకుని, మొహం మీద తడి లేదు, ఆరిపోయి ఉప్పు కట్టింది. చూశాడు. ముప్పై ఒకటో మలుపని చూశాడు, రెయిలింగు మీద చెయ్యి చూశాడు, కళ్ళు ఒక క్షణం బెదిరాయి, మళ్ళీ సర్దుకున్నాయి. "గొలుసు తెగిందా? చెప్పానా బరువొద్దని! పట్టు..."

ఇవాసే రెండు మడమలూ తిప్పాడు. దిగి సైకిలుని రోడ్డుకి అడ్డంగా పడేశాడు, రెయిలింగు నుంచి ఇసక బస్తాల దాకా, సందు లేకుండా. మెళ్ళో ఈల నోట్లో పెట్టుకుని ఊదాడు, కొండ మారుమోగింది. దోబాషి చప్పున హ్యాండిల్ తిప్పాడు, ఆ కాస్త జాగాలోనే గిరగిరా తిరగడం మొదలెట్టాడు, పడబోతున్నాడు, లేస్తున్నాడు, కాలు మాత్రం పెట్టడు. వెనక వచ్చినవాళ్ళూ అంతే, ఒకడు రెయిలింగు పట్టుకున్నాడు, ఒకడు పక్కవాడి భుజం పట్టుకున్నాడు, వాడు ఇంకొకడి సీటు పట్టుకున్నాడు, వానలో తడిసిన కాకుల్లా ఒకరినొకరు ఆనుకుని ఊగుతున్నారు, ఒక్కడూ నేల ముట్టుకోడు. "తీయవయ్యా!" "నా టైము పోతోంది!" "ఎవర్రా వీడు?"

"తీయి ఇవాసే" అన్నాడు దోబాషి, తిరుగుతూనే, గొంతు పీచులా వస్తోంది. "తర్వాత మాట్లాడుకుందాం. మనం మనం ఒకటి. తీయి."

ఇవాసే సీసా తీసి మూత విప్పాడు. ఈసారి వంచలేదు. చాపి పట్టుకున్నాడు. "తాగండి డాక్టరుగారూ. మీకు చెమట ఆగిపోయింది. ఆయనకీ ఇలాగే ఆగిపోయింది. తాగాలంటే ఆగాలి, ఆగాలంటే కాలు పెట్టాలి. సీసా ఒలకబోసింది నేను, నేను పెట్టాను, చూడండి, రెండూ పెట్టాను. ఎనిమిది నలభై మూడు యాభైకి ఇక్కడ నుంచి పోయింది మీరు." ఆ గుంపు వైపు తిరిగాడు, గొంతులో మిగిలిందంతా తీశాడు. "అందరూ దిగండి! ఈ రోడ్డు ఇక్కడితో ఆగింది. కొండ కింద ఈసారీ అంబులెన్సు నిలబడే ఉంది, దానికి సగం రోడ్డు వదిలితే తప్ప ఇక ఒక్క సైకిలూ కదలదు. మూడు మలుపులకొక నీళ్ళ బల్ల వెయ్యమని పైనున్న కమిటీకి కబురు పెట్టండి. పక్కనున్నవాణ్ణి బాగున్నావా అని అడగండి, జవాబు నోటితో వచ్చేదాకా అక్కడే నిలబడండి. ముందు కాలు కింద పెట్టండి!"

ఎవరూ పెట్టలేదు. దోబాషి ఇంకో చుట్టు తిరిగాడు, చక్రం బస్తాకి తగిలి ఒరిగింది, రెయిలింగు కోసం చెయ్యి చాపాడు, చెయ్యి సరిగ్గా ఆ తీగ ముక్క మీద పడింది. పెదాలు కదిలాయి. రెండు బూట్లూ పెడళ్ళలోనే ఉన్నాయి.

ఇవాసే సీసాతో సహా ఆయన మొహంలో మొహం పెట్టాడు.

"పెట్టు" అన్నాడు. "కాలు కింద పెట్టు. ఇప్పుడే పెట్టు."